మందకొండ స్వామి నెత్తిన దోసెడు మన్ను

మందకొండకు కొత్తగా వచ్చే భక్తులు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ఏ క్షేత్రానికి పోయినా పూలూ కొబ్బరికాయా తీసుకుపోతాం గదా, ఇక్కడ దోసెడు మన్ను తెమ్మంటారేమిటి అని. కొండ కింద బస్సు దిగగానే దుకాణాలవాళ్ళు మన్ను పొట్లాలు చేతిలో పెట్టబోతారు. దయచేసి తీసుకోకండి. స్వామికి కావలసింది మీ పొలంలోదో, మీ వాకిట్లోదో, మీరు రోజూ కాలు మోపే మన్ను. ఈ మాట గుడి ధర్మకర్తగా ఉన్న మా తాతగారు భక్తులకు నిష్కర్షగా చెప్పేవారు. వారి తరవాత మేమూ చెబుతున్నాం, దుకాణాలవాళ్ళకు మా మీద కోపంగా ఉన్నా సరే.

ఈ కొండకు మెట్లు లేవు. పడమటి వైపు పొడుగాటి మట్టి వాలు ఒకటి కొండ పాదం దగ్గర మొదలై గుడి కప్పు అంచు దాకా పోతుంది. భక్తులు దాని మీదుగా కొంత దూరం ఎక్కి, పక్కబాటన గర్భాలయ ద్వారం చేరుకోవాలి. ఎన్ని వానలు కురిసినా ఆ వాలు కోసుకుపోలేదు. గుడి గోడల్లో సున్నం లేదు, రాయికీ రాయికీ నడుమ గడ్డిపోచ దూరదు. ఆ మధ్య ఒక దాత గోడలకు నీలం రంగు వేయిస్తానని ముందుకు వచ్చారు. వారికి దండం పెట్టి, ఆ డబ్బుతో తాగునీటి కుళాయి పెట్టించమన్నాం. మీరిప్పుడు నీళ్ళు తాగుతున్నది ఆ కుళాయి దగ్గరే.

పూర్వం ఇక్కడ గుడి లేదు, దారి లేదు, కొండకు పేరు కూడా లేదు. అంతా బోడి బండ. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం దాని మీద కాలు పెడితే బొబ్బలెక్కేది. కింది పల్లెలో కురుబ కరియన్న అనే గొర్రెల కాపరి ఉండేవాడు. ఒక కరువు ఏడు మేత వెతుక్కుంటూ మందను కొండెక్కించాడు. ఎక్కిన కాసేపటికి గొర్రెలన్నీ నడిబండ మీద ఒక్కచోట గుమిగూడి పడుకున్నాయి. ఈ ఎండలో వీటికి మతిపోయిందా అనుకుంటూ కరియన్న అదిలించబోయాడు. అక్కడ కాలు పెట్టేసరికి బండ చల్లగా తగిలింది. మంద నడుమ, ఆ బండలోంచే మొలిచినట్టు, మోకాలెత్తు లింగం కనిపించింది. చేతికర్ర దానికి తగిలితే కంచుగంటలా మోగింది.

ఆనాటి నుంచి కరియన్న రోజూ వాగులో చెంబు ముంచుకుని కొండెక్కేవాడు. స్వామి తల తడిపితే గాని ముద్ద ముట్టనని మొక్కుకున్నాడు. బోదగడ్డితో పందిరి వేస్తే గాలి ఎత్తుకుపోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ పోయింది. ఒకనాడు వడగళ్ళు పడుతుంటే లింగం మీద బోర్లా పడుకుని, ఆ దెబ్బలన్నీ తన వీపున కాచుకున్నాడు. వాచిన వీపుతోనే సీమ నాయకుడి కొలువుకు పోయి, గాలి ఎత్తుకుపోలేని ఇల్లు ఒకటి స్వామికి కట్టించమని అడిగాడు. నాయకుడు భక్తిపరుడే. తన పేరు రాతి మీద కలకాలం నిలవాలన్న ఆశ కూడా ఉన్నవాడు. గుడి నిలిచింది గాని, పేరు చెక్కిన చోట రాయి పెచ్చు లేచిపోయింది. ఆయన ఎవరో ఈనాడు మాకూ తెలియదు.

నాయకుడి పిలుపున పోలోజు అనే స్థపతి వచ్చాడు. ఆయన పనితీరు ఈ కొండ మీద ఇప్పటికీ కనిపిస్తుంది. బండలను సుత్తితో తట్టి, మోగినదాన్ని ఉంచుకుని, బొంగురుగా పలికినదాన్ని వదిలేసేవాడు. ఏరిన బండ మీద వరసగా గుంటలు తొలిచి, ఎండిన కొయ్య మేకులు బిగించి, వాటిని నీళ్ళతో తడిపేవాడు. తడిసిన కొయ్య ఉబ్బి, బండను గీత గీసినట్టు రెండుగా చీల్చేది. ఆ గుంటల వరసలను పిల్లలు పులి కోరల గుర్తులని చెప్పుకుంటారు. అవి పులివి కావు, పోలోజువి.

గోడలు లేపడం కష్టం కాదని పోలోజు చెప్పాడు. చిక్కంతా కప్పు దగ్గర. గర్భాలయం మీద ఏనుగంత బండ ఒకటే పరవాలి. దాన్ని పైకెత్తడానికి కొయ్యలతో పరంజా కట్టుదామంటే ఆమడ దూరంలో తగిన మాను లేదు. అందువల్ల మార్గం ఒక్కటే. గోడ లేచినకొద్దీ గుడి లోపల మన్ను నింపాలి, బయట అదే ఎత్తుకు వాలు పోయాలి. బండలను ఆ వాలు మీదుగా దుంగలపై దొర్లించుకుంటూ పోవాలి. కప్పు పడ్డాక ద్వారం గుండా మన్నంతా తోడేయాలి. అప్పటిదాకా స్వామి మన్ను కిందే ఉండాలి.

ఆ మాట విని కరియన్న ససేమిరా అన్నాడు. తన చేతులతో తడిపిన తలను తన చేతులతోనే ఎలా పూడ్చేదని ఏడ్చాడు. శివపూజలు చేసే తమ్మళ్ళ పెద్ద ఇంకో భయం పెట్టాడు. అంత బరువు కింద లింగం పగిలితే, పగిలిన లింగానికి పూజ ఉండదని, ఇక ఆ గుడి ఉన్నా లేనట్టేనని అన్నాడు. నాయకుడు మాత్రం కరియన్న ఒప్పుకుంటేనే పని సాగాలన్నాడు.

కరియన్న లింగం పక్కనే పడుకున్నాడు, స్వామి కలలో వచ్చి ఆజ్ఞ ఇస్తాడని. ఇతర క్షేత్రాల పురాణాల్లో స్వామి ఇలాంటప్పుడు తప్పక కలలో కనిపిస్తాడు. మా స్వామి కనిపించలేదు. ఎన్ని రాత్రులు పడుకున్నా కల రాలేదు. ఈ స్థలపురాణం పుస్తకంలో ఒక కల చేర్చితే బాగుంటుందని కొందరు సలహా ఇచ్చారు. మేము చేర్చం. ఈ క్షేత్ర మహిమ ఆ రాని కలలోనే ఉందని మా నమ్మకం. కరియన్న ఒక తెల్లవారుజామున లేచి పోలోజు దగ్గరికి వచ్చాడు.

"ఆచారీ, సామి పలకల్యా. పలకలేదంటే నన్నే తేల్చుకోమన్నాడు. ఇల్లు కావాలని అడిగింది నేను. మన్ను గూడా నేనే పోస్తా. సామికి పగులొస్తే రేపు కట్టే గడప కాడనే పస్తుండి పానం ఇడుస్తా" అన్నాడు.

మొదటి దోసెడు ఆయనే పోశాడు. దేవుడి నోట మన్ను కొట్టినవాడని ఊరంతా ఆడిపోసుకుంది. కరియన్న చెవిన పెట్టలేదు. మొక్కు ప్రకారం రోజూ చెంబుతో నీళ్ళు తెచ్చి, లింగం ఉన్నచోటు గుర్తు పెట్టుకుని, మన్ను మీదే పోసి, ఆ తరవాతే అన్నం తినేవాడు.

గోడలు నిలువెత్తు లేచాయి. ద్వారం మీద పెట్టే దూలం బండను ఎడ్లతో లాగుతుండగా వాలు ఒక పక్కకు జారింది. బండ మన్నులో కూరుకుపోయింది, ఒక ఎద్దు కాలు విరిగింది. గుడి లోపలి మన్ను కూడా వదులుగా కదిలి గోడను బయటికి నెట్టసాగింది. దేవుణ్ణి పూడ్చినవాళ్ళకు ఇదే శాస్తి అన్నారు జనం. కూలీలు తట్టలు వదిలి వెళ్ళిపోయారు. పోలోజు ఒక్కడే గునపం పట్టుకుని గుడి లోపలంతా పొడిచి చూశాడు. అంతటా గునపం దిగింది, ఒక్కచోట మాత్రం దిగలేదు. అది కరియన్న రోజూ నీళ్ళు పోసే చోటు. ఆయన వెనకే వచ్చిన గొర్రెలు ఆ తడి మన్నును రోజూ తొక్కేవి. వాటి సన్నటి గిట్టలు నేల దట్టించే దిమ్మిస కంటే గట్టిగా దాన్ని అణిచేశాయి.

పోలోజు సంగతి గ్రహించాడు. వాలంతా తవ్వేసి మళ్ళీ పోయాలి, పొర పొరకూ నీళ్ళు చల్లి మందతో తొక్కించాలి. అయితే దానికి కరియన్నను మరోసారి అడగాల్సి వచ్చింది, ఈసారి అడిగేది మొదటిదానికంటే పెద్దది.

"నీ మంద కావాల కరియన్నా. వాలు మీద మాత్రమే గాదు, సామి నెత్తిన గూడా తోలాల" అన్నాడు.

కరియన్న తన గొర్రెల వంక చూశాడు. మన్ను పోయడం ఒక ఎత్తు, గొర్రెలు తెలియక తొక్కడం ఒక ఎత్తు, తెలిసి స్వామి తల మీదికి మందను తోలడం ఇంకో ఎత్తు. అక్కడున్నవాళ్ళు ఆయన ఇంటికి వెళ్ళిపోతాడనే అనుకున్నారు.

"సామిని నాకు సూపిచ్చింది ఇవ్వే గదా. ఇవి తొక్కితే కోపం జేసుకోడులే" అని మందను లోపలికి అదిలించాడు. సంగతి తెలిసి, వెళ్ళిపోయిన కూలీలూ తిరిగొచ్చి తట్టలు ఎత్తుకున్నారు.

ఆ పని ఎన్నేళ్ళు సాగిందో చెప్పేవారు లేరు. కరియన్న జుట్టు నెరిసింది, చూపు మందగించింది. మొదట కొండెక్కిన గొర్రెల్లో ఒక్కటీ మిగలలేదు, వాటి పిల్లల పిల్లలు మన్ను తొక్కాయి. ప్రతి పూటా పొర పోయడం, తడపడం, తొక్కించడం. ఇంకా ఎన్నాళ్ళని ఎవరూ విసుక్కోలేదు. చివరికి కప్పు బండ వాలెక్కింది. వాలు చెక్కుచెదరలేదు. బండ తన చోట కూర్చున్నప్పుడు చప్పుడు కింది పల్లెకు వినిపించిందట.

ఇక మన్ను తోడే పని మొదలైంది. గోడల సగం దాకా కూలీలు పలుగులతో తవ్వారు. ఆపైన కరియన్న ఇనుము లోపలికి రానీయలేదు. గొర్రెలు అణిచిన ఆ మన్నును నీళ్ళతో నానబెట్టి, చేతులతో గోకి, దోసెడు దోసెడుగా బయటికి మోశాడు. కప్పు పడింది గనక లోపల పగలు కూడా చీకటే. పోలోజు పక్కన దివిటీ పట్టుకుని నిలబడ్డాడు.

లింగం తల బయటపడింది. దాని నడినెత్తిన నల్లటి గీత ఉంది.

పోలోజు దివిటీ కిందికి వంచాడు. బతుకంతా రాళ్ళు చూసినవాడు, రాతి మీద గీత అంటే ఏమిటో తెలిసినవాడు. దివిటీని ఆ గీత వెంట అటూ ఇటూ ఆడించి చూశాడు. కరియన్నకు చూపు ఆనక, వెలుతురు ఎందుకు ఊగుతోందని అడిగాడు. సామి నెత్తిన గీత ఉందని పోలోజు చెప్పేసరికి ఆయనకు అర్థమైంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, చెయ్యి చాచి, ఆ గీతలోని మన్నును వేలితో తీశాడు. ఇంకా తీశాడు. పక్కనే రెండో గీత చేతికి తగిలింది. రెంటినీ మళ్ళీ మళ్ళీ తడిమి చూశాడు.

"పగులు గాదు ఆచారీ. గిట్ట. మా గొర్రె గిట్ట" అన్నాడు.

మెత్తటి మన్ను మీద గొర్రె కాలు మోపితే ఎలా పడుతుందో అచ్చం అలాగే, రెండు చీలికల గిట్ట గుర్తు లింగం నెత్తిన పడి ఉంది. నిలువుల లోతు మన్ను మీద నడిచిన గొర్రె అడుగు ఆ రాతి మీద ఎలా పడిందని పోలోజు అడగలేదు. ఆ మహా స్థపతి దివిటీ గోడకు ఆనించి సాష్టాంగపడ్డాడు. కరియన్న చెంబెడు నీళ్ళు పోస్తే ఆ గుంటలో నిలిచాయి. ఆయన మనసు కుదుటపడి, పసిపిల్లవాడిలా ఏడ్చి, ఆ పూట ముద్ద స్వామి ఎదుటే తిన్నాడు.

అప్పటి నుంచి స్వామి గిట్టలింగేశ్వరుడయ్యాడు, కొండ మందకొండ అయింది. స్వామి తల మీద మిగిలిన మన్ను కడిగేయబోతే కరియన్న ఒక దోసెడు ఉంచమన్నాడట. ఇల్లు కట్టించుకోవడానికి స్వామి మోసిన బరువు మనం మరిచిపోకూడదని.

అందుకే ఇక్కడ అభిషేకానికి ముందు భక్తులు తెచ్చిన మన్ను స్వామి నెత్తిన పెడతారు, ఆపైన నీళ్ళు పోస్తారు. ఆ తడి మన్నును తీసుకుపోయి పునాదిలో వేస్తే కట్టడం నిలుస్తుందని నమ్మకం. తాపీ మేస్త్రీలు, రాళ్ళు కొట్టేవాళ్ళు, అప్పోసప్పో చేసి నాలుగు గోడలు లేపి పైకప్పు వేయలేక ఆగిపోయినవాళ్ళు ఎక్కువగా వస్తారు. స్వామి మీ ఇంటికి కప్పు వేస్తాడని మేము రాయం. సగంలో ఉన్న గోడల నడుమ నిలబడి రేపటి పని మొదలుపెట్టే గుండెను మాత్రం తప్పక ఇస్తాడు. కార్తీక సోమవారాల్లో వాలు మీద మొదట నడిచేది గొర్రెల మందే, పల్లకి దాని వెనకే పోతుంది.

కరియన్న వంశంలో ఇప్పుడున్నది లక్కమ్మ గారు. మోకాళ్ళ నొప్పులతో కూడా ప్రతి ఉదయం వాగు నుంచి చెంబెడు నీళ్ళు తెస్తారు. కుళాయి ఉంది గదమ్మా అంటే నవ్వుతూనే వాగుకు నడుస్తారు. అర్చకులు నీళ్ళు పోసి, గిట్టలో నీరు నిలిచిందని లోపలి నుంచి కేక వేస్తారు. గడప దగ్గర కూర్చున్న లక్కమ్మ గారు ఆ మాట విన్నాకే కొంగున కట్టుకొచ్చిన రొట్టె విప్పుతారు.