దడి దాటిన కట్టుగుంజ

పిల్లివలసలో బూరాడవాళ్ళ ఇంట్లో తెలివికి కరువు లేదు. ఈ మాట చెప్పేది బూరాడవాళ్ళే. ఊళ్ళో ఇంకెవరూ చెప్పకపోవడానికి కారణం, తెలివిని గుర్తుపట్టేంత తెలివి ఊరికి లేకపోవడమని వాళ్ళ నమ్మకం. తల్లి పైడమ్మ. కొడుకులు గురువులు, సన్నాసి, బంగారయ్య. నెత్తిన నీళ్ళు పోసుకుంటే తెలివి కారిపోతుందని తలగుడ్డతోనే స్నానం చేసేంత జాగ్రత్తపరులు.

గురువులు కూతురు బుల్లికి రెండేళ్ళు. వాళ్ళమ్మ రెండో కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. బుల్లి ఇంట్లో ఉన్న నల్లగేదె పాలు తప్ప ఏదీ తాగదు. గంజి పోస్తే ఉమ్మేస్తుంది, జావ పోస్తే గిన్నె తన్నేస్తుంది. అందుకని ఆ ఇంట్లో గేదెకి పెట్టాకే మనుషులు తినేవారు.

పక్కింట్లో పైడమ్మ అన్నకొడుకు తవిటయ్య ఉండేవాడు. ఓడెక్కి రంగూను వెళ్ళి, మూడేళ్ళు మిల్లులో పనిచేసి, చిలకల బొమ్మలున్న రేకుపెట్టెతో, ఒక పేకదస్తాతో తిరిగొచ్చాడు. రంగూనుని మావైపు రంగం అంటారు. రంగంలో గొప్పవాళ్ళు ఆడే ఆట ఒకటుంది, అది తెలివైనవాళ్ళకే వస్తుంది అన్నాడు. ఇంకేముంది, ముగ్గురూ వెంటనే చాప పరిచారు.

తవిటయ్య రూళ్ళు చెప్పాడు. మనిషికి తొమ్మిది ముక్కలు. మూడేసి చొప్పున మూడు వరసలు పేర్చినవాడు గెలిచినట్టు. ఎవరి ముక్కలూ ఎవరికీ చూపించకూడదు. ఒకటి తీసుకుంటే ఒకటి పడెయ్యాలి, కాని తీసుకున్నదాన్నే తిరిగి పడెయ్యకూడదు. ఇక్కడిదాకా మన ఆటల్లాగే ఉంది. రంగం వింత ఆ తర్వాతే ఉంది. ఎదుటివాడు వదిలిన ముక్క నీ వరసలో సరిపోతే, నీకు వద్దనిపించినా తీసుకోవలసిందే. కొంపలు మునిగినా తీసుకోవలసిందే.

లేచింది మొదలు పడుకునేదాకా ఈ రూళ్ళే సాధన చెయ్యమని చెప్పి తవిటయ్య ఇంటికి పోయాడు. అంతే. మర్నాడు పొద్దున గురువులు దండెం మీంచి తువ్వాలు తీసుకున్నాడు, ఒకటి పడెయ్యాలి గనక పంచె పడేశాడు. సన్నాసి చెంబు తీసుకుని గరిటె విసిరాడు. బంగారయ్య గంప కింద నుంచి గుడ్డు తీసుకుని కోడిని దడి మీంచి అవతలికి వదిలాడు. పైడమ్మ జావకుండ దించుకొస్తుంటే బుల్లి ఏడ్చింది. పిల్లని చంకకెత్తుకుంది, కుండ వదిలేసింది. కాళ్ళు కాలినా కొడుకుల ముందు పరువు దక్కిందని ఆవిడ సంతోషించింది.

దడి అవతల తవిటయ్య పంచె, గరిటె, కోడి ఏరుకుని ఆశ్చర్యపోయాడు. చూద్దాం అనుకుని ఓటికుండ ఒకటి ఇవతలికి విసిరాడు. సన్నాసి దాన్ని తీసుకెళ్ళి కుండల వరస చివర పెట్టి చూశాడు. సరిపోయింది. తీసుకోక తప్పదన్నాడు. ఒకటి తీసుకున్నాం గనక మంచి కుండొకటి పడెయ్యమన్నాడు. మూడు రోజులు గడిచేసరికి మంచి కుండలన్నీ అటు, ఓటికుండలన్నీ ఇటు. ఇల్లంతా నీళ్ళు.

ఇంకేముంది, తవిటయ్యకి ఆశ పుట్టింది. పందెం లేని ఆట ఉప్పులేని కూర అన్నాడు. తను రేకుపెట్టె ఒడ్డుతానన్నాడు. వాళ్ళు ఇంట్లో అన్నిటికన్నా ప్రియమైనది ఒడ్డాలన్నాడు. గురువులు లోపలికి వెళ్ళి బుల్లిని తెచ్చి చాప మీద కూర్చోబెట్టాడు. తవిటయ్య హడలిపోయి, మనుషులు వద్దు, నాలుగు కాళ్ళున్నది చాలన్నాడు. బంగారయ్య వెళ్ళి బల్ల మోసుకొచ్చాడు. తవిటయ్య నెత్తి కొట్టుకుని, నల్లగేదె అని విడమరిచి చెప్పాడు. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా, ఇంత తెలివైన ఆట ఆడేవాడివి, మాట తిన్నగా రాదేం బావా అని ముగ్గురూ మందలించారు.

ఆదివారం ఆట. ఊరిపెద్ద లింగంనాయుడు బూరాడవాళ్ళ ఇంటిముందు గట్టు మీద కూర్చుని, చెప్పిన రూళ్ళు నలుగురూ నిలబెట్టుకోవాలని ముందే ఒట్టు వేయించాడు. తవిటయ్య అందరికన్నా గట్టిగా వేశాడు.

ముక్కలు పంచారు. ఎవరికీ చూపించకూడదు కదా, తన ముక్కలు తను మాత్రం ఎందుకు చూడాలని గురువులు వాటి మీద కూర్చున్నాడు. సన్నాసి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. బంగారయ్య ఇంకో మెట్టు పైకెళ్ళి, ముక్కల్ని బియ్యం పోసే చెక్కడోలులో దాచి తాళం వేసి, తాళంచెవి నూతిలో పడేసి వచ్చాడు. తన వంతు వచ్చినప్పుడల్లా డోలు మీద చెయ్యి వేసి చిరునవ్వు నవ్వాడు. నాలుగో చుట్టులో తవిటయ్య మూడు వరసలూ పరిచి షో చెప్పాడు. అంతే, గేదె పోయింది.

అది పోతుంటే పైడమ్మ వెనకాలే దడి దాకా వెళ్ళి నిలబడింది. ఆ సాయంత్రం బుల్లి గిన్నె పట్టుకుని గొడ్లసాలలో కూర్చుంది. గంజి పోస్తే ఉమ్మింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక ఊరుకుంది. పిల్ల ఊరుకుంటే ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

అవతల తవిటయ్య కష్టం వేరు. గేదె పైడమ్మకి తప్ప పొదుగు ఇవ్వదు. సాయంత్రం తన్నింది. మర్నాడు పొద్దున తాడు ఒక చేత్తో పట్టుకుని, చెంబు ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంటే మళ్ళీ తన్నింది. తవిటయ్య తాడూ చెంబూ వదిలేసి గడ్డిమేటు ఎక్కాడు. గేదె దడి కంతలోంచి నడిచొచ్చి, తన సాలలో ఎద్దుకీ దూడకీ మధ్య ఎప్పటి చోటులో నిలబడింది.

తవిటయ్య కుంటుకుంటూ వచ్చాడు. వెనకే లింగంనాయుడు, ఊళ్ళో సగం జనం. పైడమ్మ సాలకి అడ్డంగా నిలబడింది.

“అల్లుడూ, తాడు నువ్వే వదిలావా, ఎవరైనా లాక్కున్నారా?”

“నేనే వదిలాను అత్తా. అది తంతుంటే వదలక ఏం చెయ్యను?”

“మరి నువ్వు వదిలింది మా వరసలో సరిపోయింది. ఎద్దు, గేదె, దూడ. చూసుకో. మాకు వద్దన్నా తీసుకోవాలి. మేం ఒట్టేశాం నాయనా.”

అది ముక్కలకే గాని గొడ్లకి కాదని తవిటయ్య మొత్తుకున్నాడు. ఓటికుండలకి పనికొచ్చిన రూలు గేదెకి ఎందుకు పనికిరాదని లింగంనాయుడు అడిగాడు. తవిటయ్య కుంటుకుంటూనే ఇంటికి పోయాడు. పైడమ్మ పాలు పితికింది. బుల్లి రెండు గిన్నెలు తాగి పాలమీసాలు తుడుచుకుంది.

కథ ఇక్కడ ఆగితే అది బూరాడవాళ్ళ కథ కాదు. గేదెని గుంజకి కట్టేసి గురువులు ఆలోచనలో పడ్డాడు. ఒకటి తీసుకున్నాం, ఒకటి పడెయ్యాలి. ఊరి ముందు ఒట్టేశాం. తీసుకున్నది గేదెని గనక గేదెని పడెయ్యకూడదు. ఎద్దుని పడేస్తే దుక్కి లేదు. దూడని పడేస్తే బుల్లి ఏడుస్తుంది. ముసలిదాన్ని, నన్ను పడెయ్యండిరా అని పైడమ్మ ముందుకొచ్చింది. ముగ్గురూ తల్లిని ఎత్తి దడి దాకా తీసుకెళ్ళారు కూడా. కాని తవిటయ్య ఇంట్లో ఇద్దరు అత్తలున్నారు, ఈవిడ మూడోదిగా సరిపోతుంది, ఇక తిరిగిరాదు, మనకి వంటెవరని సన్నాసి గుర్తుచేశాడు. దించేశారు.

అప్పుడు బంగారయ్యకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

“గేదె వచ్చేసింది కదరా. ఇంక గుంజతో పనేముంది?”

ఇంకేముంది, ముగ్గురూ గుంజ పెకిలించి, ఒకటి రెండు మూడు అని ఊపి, దడి మీంచి తవిటయ్య పెరట్లోకి విసిరారు. తాడు విప్పలేదు. విప్పమని ఏ రూల్లోనూ లేదు.

గుంజ వెళ్ళి తవిటయ్య సాలలో రెండు గుంజల పక్కన పడింది. మూడోది, వరసలో సరిపోయింది. కాలికి పసుపు రాసుకుంటున్న తవిటయ్య దాన్ని చూశాడు, తాడుని చూశాడు, తాడు అవతలి కొసన ఉన్నదాన్ని చూశాడు. వద్దు మొర్రో అన్నాడు. ఇంకా గట్టు మీదే కూర్చునున్న లింగంనాయుడు, వద్దన్నా తీసుకోవలసిందే అన్నాడు.

తవిటయ్య గుంజ లాగాడు. గుంజ వెనక తాడు, తాడు వెనక గేదె, గేదె వెనక దూడ, దూడ వెనక గిన్నె పట్టుకుని బుల్లి, వరసగా దడి దాటిపోయారు.

ఇవతల ముగ్గురన్నదమ్ములు చేతులు దులుపుకున్నారు. ఇంకొకడైతే కంగారులో గేదెనే పడేసేవాడని గురువులు అన్నాడు. నిజమేరా నాయనా అని పైడమ్మ పాలచెంబు కడిగి పట్టుకుని, సాయంత్రం పాలకి ఎద్దు ఒక్కటే మిగిలిన సాలలో కూర్చుంది.