భుజంగయ్యకి తప్పు దొరకని బట్ట

చింతలవంక రాజు నరసభూపతికి ఒకరోజు భోజనమయ్యాక తాంబూలం నములుతుంటే ఓ సరదా పుట్టింది.

"భుజంగయ్యా! నువ్వు తప్పు పట్టలేని బట్టంటూ ఈ లోకంలో ఎక్కడైనా ఉందా?" అని అడిగాడు.

భుజంగయ్య రాజుగారి బట్టల కొట్టుకి అధికారి. పట్టు తెస్తే మెరుపు ఎక్కువంటాడు. నూలు తెస్తే మెరుపే లేదంటాడు.

"ఎక్కడా లేదు ప్రభూ," అన్నాడు మీసం తడుముకుంటూ. "కాలవ గట్టు మీద బట్టలకి బొమ్మలేస్తుందే కోనమ్మ, ఆవిడ బట్టలోనైతే తప్పులు దోసిళ్లతో ఎత్తొచ్చు. అయినా అది పని చేస్తే కదా! బట్టని గేదెపాలల్లో నానేస్తుంది, ఎండేస్తుంది. ఒకరోజంతా ఆ బట్ట ముందు కూచుని ఊరికే చూస్తుంది. గీసేది ఒక్క పూట! మళ్లీ కాలవలో నీళ్లాటలు. ఆ పాక పీకించి ఆ చోటు నాకిప్పించండి, చక్కగా పూలతోట వేస్తాను."

"ఎప్పుడైనా ఆ పాకలోకెళ్లి చూశావా?"

"రామరామ! ఆ పాల కంపులోకా? గట్టు మీంచే చూశాను."

రాజు నవ్వాడు. "సరే, ఎనిమిదో రోజున కోనమ్మ ఓ బొమ్మ తెస్తుంది. అందులో ఒక్క తప్పు చూపించు, పాక నీది. చూపించలేకపోయావా, ఇంక ఆ గట్టు వైపు చూడకూడదు."

కబురు విని కోనమ్మ దిగులుగా కూలబడింది. అసలే నలుగురిలో మాట్లాడాలంటే గొంతు పెగలని మనిషి.

"పోనీలే వదినా, పాక ఇంకోచోట వేసుకుందాం," అంది ఆడబిడ్డ సుంకమ్మ.

"పాక వేసుకుంటాం, పారే నీళ్లెక్కడ తెస్తావే? బావి దగ్గర తొట్టెలో ఉతికితే ఒక రంగు ఇంకో రంగు మీదకి పాకదూ? మన పని అక్కడితో సరి."

అంతే, లేచి పనిలో పడింది. బట్ట ఉతికింది. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలల్లో ముంచింది, పిండింది, ఆరేసింది. ఆరో రోజున ఆ బట్టని తన ముందు పరిచి, మోకాలి మీద గడ్డం ఆనించి కూచుంది. పొద్దెక్కింది. అన్నం చల్లారిపోయింది.

"గియ్యి వదినా! ఇంకా చూస్తావేంటి?"

"ఏం గియ్యనే? దేవుణ్ణి వేస్తే కిరీటం వంకరంటాడు. నెమలిని వేస్తే కాళ్లు సన్నమంటాడు."

"అయితే ఏమీ వెయ్యకు! అప్పుడేం తప్పు పడతాడో చూద్దాం!" అని విసుక్కుంది సుంకమ్మ.

కోనమ్మ తలెత్తి ఆడబిడ్డ వైపు చూసింది. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. వెదురు పుల్లకి కొత్త గుడ్డ చుట్టింది. నల్లరంగు కుండ అవతలికి తోసి, ఇంకో కుండ దగ్గరికి లాక్కుని, సాయంత్రం దాకా వంచిన నడుం ఎత్తలేదు.

ఎనిమిదో రోజున సభ నిండిపోయింది. కోనమ్మ బట్ట చంకన పెట్టుకుని వచ్చింది. వెనకాల సుంకమ్మ ఓ పెద్ద రాగి గుండిగ మోసుకొచ్చింది.

బట్ట పరిచారు. లేత పసుపు బట్ట. దాని మీద గీతన్నది లేదు.

భుజంగయ్య ఎడమచెయ్యి నడుం మీద పెట్టాడు. పొట్ట ముందుకి తోశాడు. కుడిచేతి వేలు చాపాడు.

"ఏముంది ఇందులో? బొమ్మేదీ? ఏమీ లేదు!"

రాజు మొహం ఎర్రబడింది. "కోనమ్మా! మాతో పరాచికాలా?"

కోనమ్మ ఒక అడుగు ముందుకేసింది. మెల్లిగానే అయినా ఆగకుండా చెప్పింది.

"బొమ్మ ఉంది ప్రభూ. అది పైకొచ్చేదాకా అయ్యగార్ని ఆ నిలబడ్డట్టే నిలబడమనండి."

రాజుకి అర్థం కాలేదు గానీ సరదా వేసింది. "కదలకు భుజంగయ్యా!"

సభ ముంగిట్లోనే పొయ్యి పెట్టారు. గుండిగలో నీళ్లు పోసి, చిరివేరనే రంగువేరు దంచి వేసి, బట్ట ముంచారు. నీళ్లు మరుగుతున్నాయి. భుజంగయ్య చెయ్యి లాగేస్తోంది, దించబోతే రాజు "ఊఁ" అంటున్నాడు. సుంకమ్మ కర్రతో కలియబెడుతూ, "ఇంకాసేపు ఓర్చుకోండి బాబుగారూ, ఉడికొచ్చింది," అంటోంది.

చివరికి కోనమ్మ బట్ట పైకి తీసి, చన్నీళ్లలో జాడించి, రెండు చేతులా పట్టుకుంది.

లేత గులాబి బట్ట మీద ఎర్రటి గీతల్లో ఓ మనిషి! ఎడమచెయ్యి నడుం మీద. పొట్ట ముందుకి. కుడిచేతి వేలు చాపి ఖాళీ బట్టని చూపిస్తున్నాడు. పక్కనే అచ్చం అలాగే భుజంగయ్య!

సభంతా గొల్లుమంది.

"ఇదేం మాయ!" అన్నాడు రాజు.

"మాయ కాదు దొరా. పటిక నీళ్లతో గీశాను. ఆరితే అది కంటికి ఆనదు. చిరివేరుతో మరగబెడితే పటిక ఉన్నచోట ఎరుపు గట్టిగా పట్టేసుకుంటుంది. మా పాకలో రోజూ అయ్యే పనే. అయ్యగారు గట్టు మీద ఎప్పుడూ అలాగే నిలబడి వేలు చూపిస్తారు, దిగి ఒక్కసారి లోపలికొస్తే ఇదీ చూపించేదాన్ని."

అంతలో భుజంగయ్య గంతేశాడు.

"దొరికింది! తప్పు దొరికింది! ఆ ముక్కు! నా ముక్కు అంత పొడుగు కాదు!"

సభంతా బొమ్మ ముక్కు వైపు మెడలు చాచింది. కోనమ్మకి రాజుగారి షరతు గుర్తొచ్చింది. ఒక్క తప్పు చాలు, పాక పోతుంది. బొమ్మ వైపు చూసింది. భుజంగయ్య వైపు చూసింది. మళ్లీ బొమ్మ వైపు చూసింది. బట్టని సుంకమ్మకి అందించి, మెల్లిగా చేతులు జోడించింది.

"అయితే కొలిచే తాడు తెప్పించండి ప్రభూ. ముందు ఏ ముక్కు కొలవమంటారు?"

భుజంగయ్య చెయ్యి గబుక్కున ముక్కు మీదకెళ్లింది.

రాజు సింహాసనం మీద ఒరిగిపోయి, కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. "కొలవక్కర్లేదు కోనమ్మా, ఆయనే దాచుకున్నాడు! పాక నీది, అటు ఇటు యాభై బారల గట్టూ నీదే. ఈ బట్ట మాత్రం నాకు కావాలి." అని, మెళ్లో ముత్యాల పేట తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రమే ఆ బట్టని తన బట్టల కొట్టు గుమ్మానికి తెరగా కట్టించాడు. అప్పట్నుంచి భుజంగయ్య లోపలికెళ్లాలంటే, రోజూ పొద్దున్నే తన బొమ్మని తనే పక్కకి తప్పించుకుని వెళ్లాల్సొచ్చింది.