కౌజు సింగడి కొలువు

నల్లమల అంచున, ఈత పొదల మధ్య ఒక వెదురు పంజరం. అందులో సింగడనే కౌజు పుంజు. చుట్టూ ఎండుగడ్డి కింద వేటగాడు ఓబులేసు పన్నిన ఉచ్చులు. తెల్లారగానే సింగడు గొంతెత్తి కూసేవాడు. “ఎవడ్రా మా పొదల్లో దూరింది?” అంటూ అడవి కౌజులు రోషంగా ఉరికొచ్చి ఉచ్చుల్లో కాలు పెట్టేవి. ఓబులేసు వాటిని సంచిలో వేసుకుని, సింగడికి గుప్పెడు కొర్రలు పోసేవాడు.

సింగడి దృష్టిలో తాను పంజరంలో లేడు, కొలువులో ఉన్నాడు.

ఒకరోజు ముసలి కౌజు పెట్ట ఒకటి వచ్చి, ఉచ్చులకు దూరంగా బండ మీద నిలబడింది.

“అక్కడే ఆగావేం పెద్దమ్మా? దగ్గరికి రా.”

“ఇక్కడికి బాగానే వినపడుతోంది నాయనా. మా ఆయన నిన్న దగ్గరికొచ్చి విన్నాడు. ఇంకా ఇల్లు చేరలేదు.”

సింగడు ముక్కు పక్కకు తిప్పుకున్నాడు. “నా పని నేను చేసుకుంటున్నా. వచ్చినవాళ్ళది వాళ్ళ ఖర్మ.”

“నిన్నేమీ అనడం లేదులే.” పెట్టకు ఏడుపొచ్చింది గానీ మింగేసింది. ఇంటి దగ్గర పిల్లలకు అప్పుడే రెక్కలొస్తున్నాయి. రేపో మాపో ఈ కూత విని వాళ్ళూ ఉరికొస్తారు. “ఇంత గొంతుకి మీ యజమాని ఏం పెడుతున్నాడు?”

“కొర్రలు.”

“ఉత్త కొర్రలేనా? చెదపురుగులు పెట్టడూ?”

సింగడు పంజరం అడుగున మిగిలిన కొర్రలను కాలితో కెలికాడు.

“వేటంతా నీ గొంతు మీదే నడుస్తోందే! నువ్వు ఒక్కపూట నోరు మూసుకుంటే ఆయన ఏమైపోతాడు?”

“ఏమైపోతాడా? నా కాళ్ళు పట్టుకుంటాడు!”

“మరి ఆ కాళ్ళేవో పట్టించుకోరాదూ?”

మర్నాడు సింగడు కూయలేదు. ఓబులేసు ఈల వేశాడు, బతిమాలాడు, పంజరాన్ని కుదిపాడు. ఇంటికి కొత్తల్లుడు వస్తున్నాడు మరి. సింగడు మాత్రం మూతి బిగించుకుని కూర్చున్నాడు. పెట్ట పిల్లలు ఆ పొదల వెనకే మేసుకుంటూ దాటిపోయాయి.

ఓబులేసు ఖాళీ సంచితో ఇంటిదారి పట్టినప్పుడు, పక్కన నడుస్తున్న వేటకుక్కతో సింగడు పంజరంలోంచి గొప్పగా అన్నాడు. “చూశావా, మనిషి ఎలా డీలా పడ్డాడో! రేపట్నుంచి నాకు చెదపురుగులే.”

“నాకంటే ముందు ఇక్కడో కుక్క ఉండేదట,” అంది కుక్క తల తిప్పకుండా. “కాలు విరిగాక అదెక్కడికి పోయిందో నేనింతవరకు అడగలేదు.”

ఇంటి ముందు ఓబులేసు పెళ్ళాం సుంకమ్మ అప్పటికే మసాలా నూరి ఉంచింది. “ఏమీ పడలేదా? అల్లుడికేం పెట్టను?”

ఓబులేసు పంజరం తలుపు తీశాడు. “దీని గొంతు పోయింది. దీన్నే కానియ్.”

అతని చెయ్యి మెడ మీద పడగానే సింగడు ఒళ్ళంతా గొంతు చేసుకుని కూశాడు. పుట్టాక ఎన్నడూ అంత బాగా కూసి ఎరగడు.

“అయ్యో, కూస్తోందే!” అంది సుంకమ్మ.

“ఇంట్లో కూస్తే ఏం లాభం?” అన్నాడు ఓబులేసు. “ఇక్కడేమన్నా ఉచ్చులు పన్నామా?”

తనవాళ్ళను పట్టిచ్చి బతికేవాడికి, పట్టిచ్చినన్నాళ్ళే మర్యాద.