నరసాలు నాటిన తుంగ

నేలకీ నీళ్లకీ మధ్య ఇంకా గట్లు పడని రోజుల్లో, అనగనగా ఒక పెద్ద మడుగు. మడుగు ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో తుంగ కోసి చాపలల్లుకుని బతికే ముసలమ్మ నరసాలు. నా అన్నవాళ్లు లేరు.

ఓ వరదకి ఎక్కడిదో గడ్డి కొట్టుకొచ్చింది. మనిషిని మించిన ఎత్తు, పైన తెల్లటి కుచ్చులు. చూసి ఊరు మురిసిపోయింది. మురవదూ మరి, అది తుంగని మింగేదాకా! చేపలు ఒడ్డుకి రావడం మానేశాయి. పడవలకి దారి లేదు.

కత్తులతో కోశారు. గడ్డి మళ్లీ వచ్చింది, ముందుకన్నా ఎత్తుగా. నిప్పు పెట్టారు. గడ్డి మళ్లీ వచ్చింది, ముందుకన్నా ఎత్తుగా. పారలతో వేళ్లు నరికి, ముక్కలన్నీ నీళ్లలోకి విసిరేశారు. ముక్క ముక్కకీ మొలక లేచింది. పాపం, చేజేతులా నాటుకున్నారు.

అప్పుడు నరసాలు బురదలోకి దిగింది. ఒక పిలక పట్టుకుని, తడుముకుంటూ దాని వేరు వెంట నడిచింది. పొద్దు వాలినా వేరు చివర దొరకలేదు.

"సోమన్నా, ఇయ్యన్నీ ఒకటే మొక్కయ్యా," అంది ఊరి పెద్దతో. "అడుగున పాక్కుంటా పోతంది. తెంపితే తెంపిన కాడల్లా మొలుత్తాది. తెంపకుండా లాగి, మెరక మీద ఎండబెట్టాల."

"లాగిన చోట మళ్లీ రాదా అత్తా?"

"కాళీ ఉంటే వత్తాది. మన తుంగా అట్టాగే పాకుద్ది. దాన్ని ముందు పాకనిద్దాం."

ఊరు మొత్తానికి తుంగ మిగిలింది నరసాలు మడిలోనే. అదే ఆమె కూడు.

"అది తవ్వేత్తే నువ్వేం తింటావు?" అన్నాడు సోమన్న.

ఆమె మడంతా తవ్వి దుంపలు తట్టకెత్తింది. ఊరు లాగింది. ఆమె నాటింది. ఊరు పెట్టింది తిన్నది.

మొదటి కోత రాకముందే నరసాలు పోయింది. అప్పటికి ఊళ్లో ఒక్క చాపా మిగల్లేదు. బతుకంతా చాపలల్లిన మనిషిని ఒట్టి నేల మీద పడుకోబెట్టారు. ఊరు ఊరంతా ఏడ్చింది.

ఆ తర్వాత ఆమె తుంగ బురద కిందే పాకింది. ఒడ్డు పట్టుకుని పాకింది. మడుగంతా చుట్టింది. ఈ పూట అక్కడ ఎంత దూరం నడిచినా, మన కాళ్ల కింద ఉన్నది ఆమె మడే.

ఇప్పటికీ ఆ ఊళ్లో మొదటి కోత తుంగతో అల్లిన చాప ఎవరూ అమ్మరు. నరసాలుని పడుకోబెట్టిన చోట పరిచి వస్తారు. చివికినా తియ్యరు. ఏడాది తిరిగేసరికి దాని మీద ఇంకో చాప పరుస్తారు.