ఓబులమ్మ చెప్పని సగం

నల్లమల లోపల ఒక వాగుంది. ఎండాకాలంలో మడుగులన్నీ ఎండిపోయినా అందులో నీళ్లుంటాయి. అందుకని దాహం వేసినవాళ్లంతా అక్కడికే వస్తారు, వాళ్లను తినే చిరుతా అక్కడికే వస్తాడు. చిరుత రాకను చెప్పే పని కొండముచ్చు కొండన్నది. మద్దిచెట్టు కొసన కూర్చుని, చిరుత కంటపడగానే గొంతు చించుకుంటాడు. ఆ వెంటనే అవతలి గట్టున నెమలి కూడా అరిస్తే దుప్పుల మంద మాయం. ఒక గొంతు వింటే తల ఎత్తాలి, రెండో గొంతూ వింటే పరుగెత్తాలి. అది తాతల నాటి పద్ధతి.

ఆ ఏడు ఎక్కడి నుంచో ఒక నల్లపిట్ట వచ్చి వాలింది. ఎవరి గొంతునైనా ఇట్టే దించేస్తుంది. చిరుత జాడ లేకుండానే కూతలు మొదలయ్యాయి. దుప్పులు నీళ్లలో మూతి పెట్టడం, పరుగు పెట్టడం, మళ్లీ దాహంతో రావడం. కొండన్నను నిలదీస్తే, "నేను నోరే తెరవలేదబ్బా!" అని ఒట్టు పెట్టుకున్నాడు.

ఉడుము ఓబులమ్మ ఈ సంగతి పట్టుకుంది. ఆమె పట్టుకుంటే వదిలే రకం కాదు. ఎవరి కూతను ఎవరు నమ్ముతున్నారు, ఎందుకు నమ్ముతున్నారు అని ఇంటింటికీ తిరిగి అడిగింది. అడవిపంది విసుక్కుంది. "నమ్మకమేంది, దుంపా? తవ్వి చూపించడానికి!"

పదిహేను రోజుల పిల్లతో ఉన్న దుప్పి రంగమ్మ మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంది. "దినానికి నాలుగుసార్లు పరుగెత్తి నా పాలు ఇగిరిపోతున్నాయి వదినా. ఏ కూత నిజమో తేల్చి పుణ్యం కట్టుకో."

ఓబులమ్మ మద్దిచెట్టు కింద వారం రోజులు కదలకుండా పడుకుంది. రెండు సంగతులు కనిపెట్టింది. కొండన్న గొంతూ, నెమలి గొంతూ రెండూ ఆ పిట్ట ఒక్కటే పలుకుతోంది. ఇక రెండోది. కొండన్న నిజంగా చిరుతను చూస్తే కుదురుగా ఉండలేడు, అరుపు అరుపుకీ ఎగిరి దూకుతాడు, కొమ్మ ఊగి ఆకులు రాలతాయి. పిట్ట అరిస్తే ఆకు కూడా కదలదు.

నక్క నాంచారయ్య పనిగట్టుకుని వచ్చి పక్కన చతికిలబడ్డాడు. "ఏం తేల్చినావక్కా?"

అంతవరకూ ఆ మాట అడిగినవాడు లేడు. ఓబులమ్మ అంతా చెప్పేసింది.

"మొదటిది ఖాయమేనా?"

"ఖాయం."

"కొమ్మ సంగతి?"

"మూడుసార్లే చూసినా. ఇంకో పదిరోజులు చూడందే నోరు విప్పను."

"అదీ పెద్దమనిషి తీరు! తేలని మాట చెప్పి పరువు పోగొట్టుకుంటారా ఎవరైనా? తేలిందే చెప్పు. రేపు పొద్దున అందరినీ నేను పిల్చుకొస్తా."

ఓబులమ్మ ఉబ్బిపోయింది.

పొద్దున్నే అడవంతా చేరింది. పిట్టకు తన విద్య చూపించుకోవడమంటే సరదా. కొండన్నలా అరిచింది, నెమలిలా అరిచింది. ఆ తర్వాత రంగమ్మ తన పిల్లను పిలిచే పిలుపు పిలిచింది. పిల్ల లేచి, తల్లిని దాటుకుని, పిట్ట ఉన్న చెట్టు కిందికి వెళ్లి నిలబడింది. ఎవరూ నవ్వలేదు.

"చూశారుగా!" అంది ఓబులమ్మ. "ఇక్కడ ఏ కూతనూ విన్నంతనే నమ్మొద్దండి."

చెట్టు మీంచి కొండన్న అడిగాడు. "మరి నా కూత సంగతేంది ఓబులమ్మా?"

"దానికి ఇంకో పదిరోజులు పడుతుంది."

"అన్నిరోజులు చిరుత ఆగుతాడా?"

ఆ ప్రశ్న వినడానికి ఎవరూ ఆగలేదు. అప్పటికే అందరూ తలలు వంచుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతున్నారు. ఓబులమ్మ కూడా వాళ్ల వెనకే కదిలింది.

మూడోరోజు మధ్యాహ్నం రంగమ్మ పిల్లతో వాగులోకి దిగింది. మద్దిచెట్టు మీద కొండన్న అరిచాడు. కొమ్మ విరిగేలా ఊగింది, ఆకులు జలజలా నీళ్లలో రాలాయి. నెమలి కూడా అరిచింది.

రంగమ్మ తల ఎత్తి, మళ్లీ దించింది. "తాగు నాయనా. అది పిట్టే."

ఎదుటి గట్టు రాళ్ల నడుమ ఉన్న ఓబులమ్మ ఆ కొమ్మను చూసింది. "రంగమ్మా, పరుగెత్తు! కొమ్మ చూడు, కొమ్మ!" అని ప్రాణం పెట్టి అరిచింది.

"విన్నావా నాయనా?" అని రంగమ్మ పిల్లకేసి చూసి నవ్వింది. "ఆ పిట్ట మీ ఓబులమ్మత్త గొంతు కూడా నేర్చేసింది."

ఆ నవ్వు ఆగకముందే చిరుత మీద పడ్డాడు. చిరుత ఆమెను పొదల్లోకి ఈడ్చుకుపోయాడు. పిల్ల ఎటు పరుగెత్తాలో తెలియక నీళ్లలోనే నిలబడిపోయింది.

పొద్దువాలక ముందే నాంచారయ్య మూతి నాక్కుంటూ వచ్చాడు. చిరుత తినగా మిగిలింది వాడికే.

"పిట్ట అబద్ధాలు ఎవరూ నమ్మకుండా చేసినా కదరా!" అని ఓబులమ్మ ఏడ్చింది.

"అబద్ధం నమ్మితే వాళ్లు పరుగెత్తుతారక్కా, నాకేం మిగుల్తుంది?" అన్నాడు నాంచారయ్య తాపీగా. "వాళ్లు నిజాన్ని కూడా నమ్మకూడదు. ఆ మాట నేను చెబితే ఎవడు వింటాడు? నువ్వు చెప్పినావు, విన్నారు."

ఓబులమ్మ ఆ సాయంత్రమే కొమ్మ గుర్తు చెబుదామని ఇల్లిల్లూ తిరిగింది. పొదల వెనక నుంచి ఆమె గొంతు వినగానే, బయటికి వచ్చి చూడకుండానే, పిట్ట వచ్చిందని పిల్లల్ని లోపలికి లాక్కున్నారు.

అబద్ధం గుట్టు విప్పి, నిజాన్ని గుర్తుపట్టే దారి చెప్పకుండా ఆగినవాళ్లు అబద్ధాలకోరుకే చాకిరీ చేసినవాళ్లవుతారు.