తెర వెనక కేతోజు

అనగనగా ఒక ఏరు, ఏటికి అడ్డంగా ఒక కట్ట, కట్ట కింద ఇనుపవరం అనే ఊరు.

కట్టకు ఒక తూము, తూముకు ఇనుప తలుపు. మర చుట్లు కోసిన పొడవాటి కడ్డీ రాతిలో బిగించిన కంచు కడియంలో తిరిగితే ఆ తలుపు లేస్తుంది, దిగుతుంది. ఇనుమును గిరగిరా తిప్పే తరిణె మీద అలాంటి మరకడ్డీని ఉలితో సరిగ్గా కోయగల మొనగాడు ఊళ్ళో ఒక్కడే. పేరు కేతోజు.

కేతోజు పని చాలావరకు అందరి ఎదుటా చేసేవాడు. చివరి కోత దగ్గరకు రాగానే మాత్రం తరిణె చుట్టూ తెర దించేసేవాడు. చాలాసేపటికి తెర తీసేవాడు. కడ్డీ కడియంలో వెన్న రాసినట్టు తిరిగేది.

"లోపల ఏదో మంత్రం వేస్తాడర్రా" అనేవాళ్ళు జనం.

"మంత్రాలకు చింతకాయలు రాల్తాయా? ముసలాయన లోపల కునుకు తీస్తాడు" అని అతని చేతికింద పనిచేసే సూరోజు నవ్వేవాడు.

ఆ మాటలో సగం నిజమే! తెర వెనక కేతోజు చేసేదేమీ లేదు. ఉలి పక్కన పెట్టి, తాంబూలం వేసుకుని, తీరుబడిగా కూర్చునేవాడు. కోసే వేడికి ఇనుము కాస్త ఉబ్బుతుంది. చల్లారితే మళ్ళీ తగ్గుతుంది. కాబట్టి పూర్తిగా చల్లారాకే కొలిచి, ఆ తర్వాతే చివరి కోత కోయాలి. అదీ గుట్టు. బయటపెడితే "ఓస్, ఇంతేనా!" అంటారని కేతోజుకు భయం. ఆపైన తననెవరూ లెక్కచేయరని ఇంకా పెద్ద భయం.

ఒక ఏడు వానలు ముంచెత్తాయి. ఏరు పొంగింది. తూము ఎత్తబోతే అరిగిపోయిన పాత కడ్డీ పుటుక్కున విరిగింది. తలుపు లేవకపోతే కట్ట తెగుతుంది. కట్ట తెగితే ఊరే ఉండదు. చూడబోతే కేతోజు ఆ ముందురోజే బురదలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు.

"నేనున్నాగా!" అన్నాడు సూరోజు. గబగబా కోశాడు. తరిణె మీద ఉండగానే నమూనా కడియం ఎక్కించి చూశాడు. చక్కగా పట్టింది. కట్ట మీదికి మోసుకెళ్ళేసరికి వానకు చల్లారి, తూములో వదులైపోయింది. తలుపు జానెడు లేచి దబ్బున పడింది.

రెండో కడ్డీ మాచమ్మ పట్టింది. మొగుడు పోయాక తరిణె నేర్చుకుని నిలదొక్కుకున్న మనిషి ఆవిడ. వేడి దగ్గరే ఏదో తేడా ఉందని కనిపెట్టింది. కానీ ఆగే తీరికేది? కాలుతున్న కడ్డీని తీసి నీళ్ళతొట్టిలో ముంచేసింది. కడ్డీ వంకర పోయింది.

ఇక మిగిలిన ఇనుము ఒక్క కడ్డీకే సరిపోతుంది.

కేతోజు మూల కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. నోరు విప్పితే తన పరువు పోతుంది. విప్పకపోతే ఊరు పోతుంది. "ఇంత బతుకూ బతికి, చివరికి ఊరిని ముంచుతానా?" అనుకున్నాడు. లేచి, ఎడమచేత్తో తెర లాగి పారేశాడు.

"నాయనా సూరోజూ, అమ్మా మాచమ్మా, నా గుట్టు ఇదీ" అని దాచకుండా చెప్పేశాడు. "ఈసారి వెంట్రుకవాసి మందం ఉంచి ఆగండి. నీళ్ళు పోయొద్దు. దానంతటది చల్లారాలి."

సూరోజుకు తన వెక్కిరింత గుర్తొచ్చి తల వాలిపోయింది. "అలాగే ఒజ్జగారూ" అన్నాడు.

మూడో కడ్డీ చివరి కోత దాకా వచ్చేసరికి నీళ్ళు కట్ట అంచును తాకుతున్నాయి. కబురు విని ఆ సీమనేలే రాజుగారు పరుగున వచ్చారు. వచ్చి చూస్తే ఏముంది? తరిణె ఆగి ఉంది. ముగ్గురూ చేతులు ముడుచుకుని కూర్చున్నారు!

"ఊరు మునుగుతుంటే ఈ కూర్చోవడమేమిటయ్యా? ఆలస్యం అమృతం విషం!" అని కేకలేశారు.

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు మహారాజా" అన్నాడు సూరోజు చేతులు జోడించి. "తొందరపడి రెండు కడ్డీలు చెడగొట్టాం. ఇక మా ఒజ్జగారు లెమ్మంటేనే లేస్తాం."

ఆ మాటకు కేతోజు కళ్ళు చెమర్చాయి. కడ్డీ మీద ఎడమ అరచేయి ఆనించాడు. వేడి. కాసేపాగి మళ్ళీ చూశాడు. నులివెచ్చన. మూడోసారి చూస్తే ఏటి రాయిలా చల్లగా తగిలింది.

"ఇక లేవండి!"

మాచమ్మ కొలిచింది. సూరోజు కోశాడు. కడ్డీని కట్ట మీదికి మోసుకెళ్ళి తూముకు బిగించారు. అది కంచు కడియంలో సాఫీగా తిరిగింది. తలుపు లేచింది. నీళ్ళు హోరుమంటూ కాలువలోకి దూకాయి. కట్ట నిలిచింది, ఊరు బతికిపోయింది. కేతోజు తడినేల మీదే కూలబడి, నవ్వాడో ఏడ్చాడో తనకే తెలియలేదు.

"ఇంతేనా అని నవ్వరా?" అని మెల్లగా అడిగాడు.

"ఇంతే అని తెలియకనే కదా బాబాయ్, ఊరంతా కొట్టుకుపోబోయింది!" అంది మాచమ్మ.

మర్నాడు పొద్దున్నే కేతోజు వాకిట్లో పనివాళ్ళు గుంపు కట్టారు. కంచు చల్లారితే ఎంత తగ్గుతుందని ఒకరు, ఉలికి పదును ఎలా నిలపాలని ఇంకొకరు. ఇన్నాళ్ళూ అతని గడప తొక్కడానికి జంకినవాళ్ళే వాళ్ళంతా. గుట్టు పోయాక తన విలువ పోలేదు సరికదా, నలుగురూ తనను వెతుక్కుంటూ వస్తున్నారు. కేతోజు గుండె మీది బరువంతా దిగిపోయింది. "రండి, రండి, అందరూ కూర్చోండి" అంటూ చాప పరిచాడు.

పెద్దల అనుభవాన్ని గౌరవించినవాడు తప్పటడుగు వేయడు. దాచిన విద్య దాచినవాడితోనే పోతుంది, పంచిన విద్య పదిమందినీ కాస్తుంది.