ముందు ఎవరు తోడాలి?

అనగనగా రెండు కొండలు, నడుమ ఒక్కటే ఊట. తూర్పు కొండకు హాషిము దొర, పడమటి కొండకు నాథాను దొర. ఇద్దరివీ పొడుగాటి గడ్డాలు, అంతకంటే పొడుగాటి మాటలు. ఊట నాదంటే నాదని తాతల నాటినుంచి కొట్టుకు చస్తున్నారు. చచ్చేది మాత్రం దొరలు కాదు పిల్లలూ, ఎప్పుడూ వేరేవాళ్ళే.

ఆ కొండల్లో ఒక ఆచారం ఉంది. సంధి కావాలంటే ఇద్దరు దొరలూ తమ జనం చూస్తుండగా ఊట నీళ్ళు తోడి, ఒకరి దోసిట్లో ఒకరు పోయాలి. ఆ నీళ్ళు తాగితే పోరు ఆగినట్టే.

సారమ్మ తూర్పు కొండకు ఆడపడుచు, పడమటి కొండకు కోడలు. ఆమె కొడుకు యోనా పడమటి గట్టున విల్లు పట్టుకుని కాపలా కాస్తున్నాడు. ఆమె తమ్ముడి కొడుకు ఇద్రీసు తూర్పు గట్టున కాస్తున్నాడు. ఇద్దరూ ఆమె చేతి ముద్దలు తిని పెరిగినవాళ్ళే. ఎవరి బాణం ఎవరికి తగిలినా పోయేది ఆమె బిడ్డే. అందుకే సంధి కోసం కాళ్ళరిగేలా తిరిగింది.

మొదటిసారి దొరలిద్దరూ ఊట దగ్గరికి వచ్చారు. ఊరి వరసన ఒకరికి ఆమె వదిన, ఒకరికి అక్క.

"ముందు అతన్ని పొయ్యమను వదినా," అన్నాడు నాథాను.

"ముందు పోసినవాడు ఓడినవాడంటారు అక్కా," అన్నాడు హాషిము.

పొద్దు వాలేదాకా నిలబడి, గొంతులెండి, ఎవరి దారిన వాళ్ళు పోయారు.

రెండోసారి సారమ్మ రెండు చేదలు తెచ్చింది. "ఒకేసారి తోడండి, ఒకేసారి పోయండి. ఇక ముందూ వెనకా లేదు," అంది. దొరలు సరేనన్నారు. ఇంతలో గుంపులోంచి ఎవడో "పిరికివాడా!" అని అరిచాడు. ఎవరినన్నాడో తెలీదు గానీ, ఇద్దరూ తమనే అనుకున్నారు. చేదలు విసిరికొట్టి, అసలు సంధి అడిగిందే మేం కాదని తమ జనానికి చెప్పుకున్నారు.

మూడోసారి ఆమె నీళ్ళ ఊసే ఎత్తలేదు. పొద్దున్నే ఇద్దరిళ్ళకూ వెళ్ళి కాళ్ళు పట్టుకుంది. "ఒక్క మాట చాలు నాయనా. విల్లు దించమని మీ కుర్రాళ్ళకు చెప్పండి."

"నాకూ ఇష్టమే వదినా. రేపు చూద్దాం," అన్నాడు నాథాను.

"ముందు వాళ్ళను దించనీ అక్కా," అన్నాడు హాషిము.

ఆ మధ్యాహ్నం ఊటకు దిగిన మేక కాలి కింద రాయి జారింది. ఆ చప్పుడుకే రెండు గట్ల మీదినుంచీ బాణాలు దూసుకొచ్చాయి. యోనా పోయాడు. ఇద్రీసు పోయాడు. ముందు ఎటు పరుగెత్తాలో తెలియక సారమ్మ నడుమ ఊట దగ్గరే కూలబడింది.

ఆ కొండల్లో ఇంకో ఆచారమూ ఉంది. పోరులో పోయినవాడి ఆఖరి స్నానానికి దొరే స్వయంగా నీళ్ళు తోడాలి. ఎవరూ పిలవకుండానే ఇద్దరు దొరలూ వచ్చారు. జనం చూస్తుండగా పక్కపక్కనే వంగి, ఒకేసారి చేదలు ముంచారు. ముందు ఎవరని ఈసారి ఒక్కరూ అడగలేదు. కళ్ళు కూడా తుడుచుకున్నారు, పాపం.

సారమ్మ ఆ చేతులకేసి చూసింది. "ఇన్నాళ్ళూ ఈ చేతులకు ఏం రోగమొచ్చింది నాయనా?" అంది.

దొరలిద్దరూ ఒకరికేసి ఒకరు వేలు చూపించారు.

మర్నాడు రెండు గట్ల మీదికీ కొత్త కుర్రాళ్ళు విల్లు పట్టుకుని ఎక్కారు.

బతికున్నవాళ్ళ కోసం ముందు చెయ్యి చాచలేని దొర, చచ్చినవాళ్ళకు నీళ్ళు తోడడానికే పనికొస్తాడు.